గుమాస్తా రామానుజన్ రాసిన రెండు దరఖాస్తులు

శ్రీనివాస రామానుజన్ పేరు వినగానే మనలో చాలామందికి 1729 అనే టాక్సీ నంబరు జ్ఞాపకం వస్తుంది. నామగిరి అమ్మవారు కలలో కనిపించి సూత్రాలు చెప్పేదన్న మాటా జ్ఞాపకం వస్తుంది. గణితం చదువుకున్నవారికి పార్టిషన్లు, మాక్ తీటా ఫంక్షన్లు గుర్తుకొస్తాయి. వాటి జోలికి నేను పోవడం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది రామానుజన్ పెట్టుకున్న అర్జీల సంగతి. అవును, ఆ మహామేధావి కూడా మనలాగే ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగాడు, దరఖాస్తులు రాశాడు, జవాబు రాక ఎదురుచూశాడు.

ఇప్పుడీ విషయం ఎందుకంటారా? ఏటా మన విద్యార్థులు బయోడేటా కాగితాలు పట్టుకొని ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరకు వస్తుంటారు. ఇక్కడ చదువు ముగించి, ఎక్కడో ఏడాదో రెండేళ్ళో పనిచేసి, ఇంకో మంచి ఉద్యోగం కోసం మళ్ళీ వచ్చేవాళ్ళూ ఉన్నారు. చిత్రమేమిటంటే వాళ్ళ చేతిలోనూ ఆ పాత కాగితమే ఉంటుంది. పైన పదో తరగతి మార్కులు, దాని కింద ఇంటర్మీడియెట్, ఆ కింద డిగ్రీ, అన్నిటికన్నా అడుగున అనుభవం ఒక సంవత్సరం అని ఒకే ఒక్క పంక్తి. మధ్యలో పరీక్ష తప్పినవాళ్ళ పరిస్థితి మరీ ఘోరం. ఏడాదిపాటు కష్టపడి పనిచేసిన పిల్లవాడు కూడా ఎప్పుడో తప్పిన పరీక్షకే సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చుంటాడు. అలాంటి కాగితం చూసినప్పుడల్లా నాకు రామానుజన్ గుర్తుకొస్తాడు.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడి నాలుగు డబ్బులు తెచ్చేది. టౌన్ హైస్కూల్లో చదువుతుండగానే కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత సూత్రాల పుస్తకమొకటి ఆయన చేతికి వచ్చింది. అందులో వేలకొద్దీ సూత్రాలున్నాయి గాని నిరూపణలు నామమాత్రం. వాటిని తనంత తాను నిరూపించుకుంటూ, కొత్తవి కనిపెట్టుకుంటూ పోయాడు. స్కూల్లో గణితానికి బహుమతి వచ్చింది. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్పుతో చేరాడు.

అంతటితో మంచి రోజులు అయిపోయాయి. గణితం తప్ప మరొకటి తలకెక్కకపోవడంతో ఇంగ్లీషులో తప్పాడు, స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. కొన్నాళ్ళకు తిరిగి ఇల్లు చేరాడు గాని, చదువు మాత్రం దారిన పడలేదు. 1906లో మద్రాసులో పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రాశాడు, తప్పాడు. 1907లో ప్రైవేటుగా కట్టాడు, మళ్ళీ తప్పాడు. అంటే ఇరవై ఏళ్ళు నిండేసరికి ఆయన బయోడేటా ఇదీ: మెట్రిక్యులేషన్ ప్యాసు, ఎఫ్.ఏ. ఫెయిలు. ఆపైన ఏమీ లేదు.

1909లో జానకితో పెళ్ళయింది. పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చుని పలకమీద లెక్కలు చేసుకుంటానంటే ఎవరూరుకుంటారు? ఉద్యోగం వెతుక్కోక తప్పలేదు. 1910లో నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని తిరుక్కోయిలూరు వెళ్ళాడు. అక్కడి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరు స్వయంగా గణితజ్ఞుడు, 1907లో భారత గణిత సంఘానికి అంకురార్పణ చేసినవాడు. తాలూకా కచేరీలో చిన్న గుమాస్తా పని ఇప్పించమని రామానుజన్ అడిగాడు. అయ్యరుగారు నోటుపుస్తకాలు తిరగేసి ఆశ్చర్యపోయి, ఇంతటి ప్రజ్ఞను రెవెన్యూశాఖ అడుగుమెట్టు మీద అణచివేసే పాపం తాను మూటగట్టుకోలేనని ఉద్యోగం ఇవ్వనన్నాడు! పొగడ్త దొరికింది, జీతం దొరకలేదు. అయితే ఒట్టి చేతులతో పంపలేదు. మద్రాసులో ఉన్న గణితాచార్యుడు శేషు అయ్యరుకు పరిచయలేఖ రాసి ఇచ్చాడు.

అక్కణ్ణుంచి ఆ దారి నెల్లూరుకు వచ్చింది. అప్పట్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు భారత గణిత సంఘంలో ముఖ్యుడు. 1910 చివర రామానుజన్ ఆయన ముందు నిలబడి తన నోటుపుస్తకం విప్పాడు. రామచంద్రరావుకు మొదట సందేహం కలిగినా, చివరకు నమ్మకం కుదిరి నెలకు 25 రూపాయలు తన జేబులోంచే పంపడం మొదలుపెట్టాడు. ఆ డబ్బుతో మద్రాసులో ఉంటూ రామానుజన్ 1911లో గణిత సంఘం పత్రికలో తన మొదటి పెద్ద వ్యాసం, బెర్నూలీ సంఖ్యల మీద, అచ్చు వేయించుకున్నాడు. ఎవరికీ అర్థంకానంత క్లుప్తంగా రాసే ఆయన శైలితో సంపాదకుడు చాలా అవస్థపడ్డాడట. రాసినది ఇతరులకు తెలిసేలా తిరగరాయడమన్న పాఠం రామానుజన్‌కు అక్కడే మొదలైంది.

ఒకరి దయమీద ఎన్నాళ్ళు బతకడం అన్న బాధ ఆయనకుండేది. 1912 జనవరిలో మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తాగా చేరాడు. జీతం 20 రూపాయలు. అది కొద్ది వారాల ముచ్చటే. ఆ పనిలో ఉండగానే, 1912 ఫిబ్రవరి 9న, మద్రాసు పోర్టు ట్రస్టు చీఫ్ అకౌంటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. నేను చెప్పదలచుకున్న రెండింటిలో ఇది మొదటిది.

చాలా చిన్న ఉత్తరం. మీ కార్యాలయంలో గుమాస్తా ఖాళీ ఉందని తెలిసిందని మొదలుపెట్టాడు. వెంటనే చదువు సంగతి: మెట్రిక్యులేషన్ ప్యాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివానని, అనివార్య పరిస్థితులవల్ల ముందుకు సాగలేకపోయానని రాశాడు. ఆ తరువాత కాలమంతా గణితంలోనే గడుపుతున్నానని ఒక వాక్యం. పని ఇస్తే న్యాయం చేయగలనని మరొక వాక్యం. దయచేసి ఉద్యోగం ఇప్పించమని చివరి మాట. అంతే.

ఈ ఉత్తరంలో ఏం ఉందన్నదాని కన్నా ఏం లేదన్నది చూడండి. అంతకు ముందు ఏడాది ఆయన వ్యాసం పత్రికలో అచ్చయింది. ఆ ముక్క ఇందులో లేదు. అప్పటికప్పుడు ఆయన ఒక ప్రభుత్వ లెక్కల కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాడు. లెక్కల గుమాస్తా పనికి అంతకన్నా పనికొచ్చే అర్హత మరేముంటుంది? అదీ లేదు. ఉన్నదల్లా తెగిపోయిన చదువూ, దానికొక సంజాయిషీ. ఇది మన పిల్లలు తెచ్చే కాగితం లాంటిదే కదూ! చేసిన పని కనబడదు, చేయలేకపోయినది ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆ దరఖాస్తుకు ప్రాణం పోసింది దానికి జతపరచిన సిఫార్సు పత్రం. ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ దొర, ఈ యువకుడికి గణితంలో, ముఖ్యంగా సంఖ్యల విషయంలో అసాధారణమైన శక్తి ఉందని, లెక్కకట్టే పనిలో వేగంగా కుదురుకుంటాడని రాసి ఇచ్చాడు. ఉద్యోగం వచ్చింది. 1912 మార్చి 1న రామానుజన్ పోర్టు ట్రస్టులో మూడో తరగతి, నాలుగో గ్రేడు గుమాస్తాగా నెలకు 30 రూపాయల జీతం మీద చేరాడు.

ముప్ఫయి రూపాయల గుమాస్తా ఉద్యోగమంటే మనకు చులకన. రామానుజన్ జీవితచరిత్రలు రాసినవాళ్ళు కొందరు దాన్ని ఆయన ప్రతిభకు పట్టిన గ్రహణంలా చెబుతారు. నాకు మాత్రం ఆ ఏడాదే ఆయన జీవితానికి మలుపనిపిస్తుంది. కారణం ఆ పని గొప్పతనం కాదు. ఆ పనిలో ఉండగా ఆయనను దగ్గరగా చూసిన మనుషులు.

అక్కడ ఆయన పై అధికారి ఎస్. నారాయణ అయ్యరు కూడా గణితం తెలిసినవాడే, గణిత సంఘంలో కోశాధికారి. పగలు ఆఫీసులో అధికారి, గుమాస్తా. రాత్రయితే ఇద్దరూ చెరొక పలకా పట్టుకొని లెక్కలతో కుస్తీ. రామానుజన్ రెండు మూడు మెట్లు ఒక్క గెంతులో దాటేస్తుంటే, నాకే అర్థం కాకపోతే ఇక లోకానికేం అర్థమవుతుంది, మెట్టుమెట్టూ రాయవయ్యా అని నారాయణ అయ్యరు వెంటపడేవాడట. ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ పెద్ద ఇంజనీరు. గోదావరి మీద మన రాజమండ్రి దగ్గర కట్టిన తొలి రైలు వంతెనతో ఆయన పేరు ముడిపడి ఉంది. నారాయణ అయ్యరు చెప్పగా ఆయనకూ ఈ గుమాస్తా మీద శ్రద్ధ పుట్టింది. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో పనిచేసే గ్రిఫిత్ 1912 నవంబరులో స్ప్రింగ్‌కు రామానుజన్ గురించి రాశాడు, లండన్‌లోని తన పాత గురువు హిల్‌కు రామానుజన్ కాగితాలు పంపాడు. హిల్ మెచ్చుకున్నచోట మెచ్చుకొని, అనంత శ్రేణుల విషయంలో ఈ కుర్రవాడు గోతిలో పడ్డాడని హెచ్చరించాడు.

ఎఫ్.ఏ. తప్పిన నిరుద్యోగికి ఈ పరిచయాలన్నీ ఎక్కడినుంచి వస్తాయి? కూర్చోవడానికి ఒక కుర్చీ, చెప్పుకోవడానికి ఒక చిరునామా, తనను రోజూ చూసి నమ్మిన నలుగురు మనుషులు, ఇవీ ఆ 30 రూపాయల ఉద్యోగం ఇచ్చిన అసలు జీతం.

అప్పుడు ఇంగ్లాండులోని పెద్దలకు నేరుగా రాయడం మొదలుపెట్టాడు. కేంబ్రిడ్జిలో బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు ఆచార్యులకు రాస్తే లాభం లేకపోయింది. 1913 జనవరి 16న అదే విశ్వవిద్యాలయంలో ట్రినిటీ కళాశాలకు చెందిన జి.హెచ్. హార్డీకి రాశాడు. ఇది నేను చెప్పే రెండో దరఖాస్తు. మొదటిదానికీ దీనికీ మధ్య గడిచినది పదకొండు నెలలు. రాసిన మనిషి ఒక్కడే. ఆయన డిగ్రీ పట్టికలో ఈ పదకొండు నెలల్లో కొత్తగా చేరింది సున్న. మరి ఉత్తరం ఎంత మారిందో చూడండి.

మొదటి వాక్యమే ఉద్యోగంతో మొదలైంది. తాను మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో, ఏడాదికి 20 పౌండ్ల జీతం మాత్రమే ఉన్న గుమాస్తానని పరిచయం చేసుకున్నాడు. తరువాత చదువు సంగతి దాచకుండా చెప్పాడు. విశ్వవిద్యాలయం చదువు లేదు, మామూలు స్కూలు చదువు ఉంది, అంతే. పరిస్థితుల మీద నెపం పెట్టలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. ఆ వెంటనే, బడి విడిచాక తీరిక దొరికిన ప్రతి ఘడియా గణితానికే పెట్టానని, కళాశాలల్లో నడిచే రాచబాటన నడవక తన దారి తాను వేసుకుంటున్నానని రాశాడు. మొదటి ఉత్తరంలో చదువు తెగిపోవడం లోటుగా కనబడింది. రెండో ఉత్తరంలో ఆ లోటే ఆయన నడిచిన దారికి పరిచయమైంది. ఒక్క అక్షరం అబద్ధమాడకుండానే!

ఆపైన ఇంకా తెలివైన పని చేశాడు. హార్డీ రాసిన ఒక చిన్న గ్రంథంలో ఫలానా పేజీలో, ఒక సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలుంటాయో చెప్పే కచ్చితమైన సూత్రం ఇంతవరకు దొరకలేదని ఉన్నది కదా, దానికి చాలా దగ్గరగా వచ్చే సూత్రం తన దగ్గర ఉందని రాశాడు. అంటే ఎవరికి రాస్తున్నాడో వారి పని చదివి మరీ రాశాడన్నమాట. ఊరికే తనకు గణితం వచ్చని చెప్పుకోక, పేజీలకొద్దీ సిద్ధాంతాలు జతచేశాడు. ఏం కావాలో స్పష్టంగా అడిగాడు: తాను పేదవాణ్ణి, వీటిలో విలువ ఉందని మీకు తోస్తే అచ్చు వేయించండి, అనుభవం లేనివాణ్ణి గనుక మీ సలహా ఏదైనా నాకు విలువైనదే.

ఈ ఉత్తరంలో లోపాలు లేవని కాదు. వయసు సుమారు 23 అని రాశాడు, నిజానికి అప్పటికి ఆయనకు 25 నిండాయి. ఆ ప్రధాన సంఖ్యల సూత్రం ఆయన అనుకున్నంత కచ్చితమైనది కాదని తరువాత తేలింది. అయినా జతచేసిన కాగితాల్లో కొన్ని సిద్ధాంతాలు హార్డీని నిద్రపోనివ్వలేదు. తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చొని చూసి, ఇది మోసగాడి పని కాదు, మేధావి పని అని తేల్చుకున్నాడు. 1913 ఫిబ్రవరి 8న జవాబు రాశాడు. నిరూపణలు పంపమన్నాడు.

రామానుజన్ ఫిబ్రవరి 27న మరో ఉత్తరం రాశాడు. అందులో మనసు విప్పి, తాను అర్ధాకలితో ఉన్నవాణ్ణని, బుర్ర పనిచేయాలంటే ముందు కడుపుకు తిండి కావాలని, మీ సానుభూతి లేఖ ఒకటి ఉంటే విశ్వవిద్యాలయం నుంచి గాని ప్రభుత్వం నుంచి గాని స్కాలర్‌షిప్పు దొరుకుతుందని రాశాడు. ఈ వాక్యాల దగ్గర ఆగకుండా నేనెప్పుడూ ముందుకు పోలేను. మహామేధావి కూడా అన్నం గురించి అడగవలసి వచ్చింది, అడగడానికి సిగ్గుపడలేదు.

ఇక ఆ తరువాత అన్నీ చకచకా జరిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వాతావరణ శాఖ పెద్ద గిల్బర్ట్ వాకర్ పనిమీద మద్రాసు వచ్చాడు. స్ప్రింగ్ రామానుజన్ నోటుపుస్తకాలు ఆయన ముందు పెట్టించాడు. వాకర్ చూసి, ఈ యువకుడికి జీవనోపాధి బెంగ లేకుండా చూడమని మద్రాసు విశ్వవిద్యాలయానికి రాశాడు. పరిశోధక విద్యార్థికి పట్టా ఉండాలని నిబంధన. రామానుజన్‌కు ఎఫ్.ఏ. కూడా లేదు. విశ్వవిద్యాలయం ఆ అడ్డంకిని పక్కకు నెట్టి, నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. 1913 మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. రెండుసార్లు ఎఫ్.ఏ. తప్పిన కుర్రవాడు పరీక్షల సోపానం ఎక్కకుండానే పరిశోధకుడయ్యాడు. మూడు నెలలకొకసారి చేసిన పని మీద నివేదిక ఇవ్వాలన్న షరతు పెడితే, దాన్నీ పాటించి మూడు నివేదికలిచ్చాడు.

మిగతా కథ లోకానికి తెలిసినదే. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడలో మద్రాసు విడిచాడు. 1916లో పరిశోధనకుగాను కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, అదే ఏడాది ట్రినిటీ ఫెలో కూడా అయ్యాడు. ఆ వైభవమంతా జబ్బుపడి ఆసుపత్రుల్లో ఉండగా వచ్చినది. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు.

ఆయనంతటి మేధావితో మనకు పోలికేమిటని మీరనవచ్చు. నిజమే. కాని ఒక్క మాట ఆలోచించండి. తిరుక్కోయిలూరులో చిన్న గుమాస్తా పని దొరకనినాడూ ఆ మేధ ఆయనలో ఉంది, పోర్టు ట్రస్టు దరఖాస్తు రాసిననాడూ ఉంది. 1912కీ 1913కీ మధ్య పెరిగినది మేధ కాదు. చేసిన పని పెరిగింది, ఆ పనిని చూసినవాళ్ళు పెరిగారు, దాన్ని ఇతరులకు తెలిసేలా చెప్పే నేర్పు పెరిగింది. అదృష్టం కూడా కలిసొచ్చిందని ఒప్పుకుంటాను. కాని ఆ ఉత్తరం రాయకపోతే అదృష్టం ఏ చిరునామాకు వచ్చేది?

అందుకే బయోడేటా తెచ్చే పిల్లలతో నేననేది ఇదే. మొదటి ఉద్యోగం ఎంత చిన్నదైనా, అది చేశాక ఆ కాగితాన్ని అడుగున ఒక పంక్తి చేర్చి సరిపెట్టకండి. మొత్తం తిరగరాయండి. ఇప్పుడు మీరేం చేస్తున్నారో అది పైకి తీసుకురండి. ఏం చేశారో చెప్పి ఊరుకోక, చూపించగలిగినది జతచేయండి. మీ పనిని కళ్ళారా చూసినవారి పేర్లు, వారి అనుమతితో, రాయండి. ఎవరికి పంపుతున్నారో వారి పని తెలుసుకొని పంపండి. తప్పిన పరీక్ష ఉంటే దాచవద్దు, దానికోసం ఏడవనూవద్దు. ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. మార్కుల పట్టిక ఎక్కడికీ పోదు, కిందనే ఉంటుంది.

ఇంకొక్క ఉత్తరం సంగతి చెప్పి ముగిస్తాను. ఇంగ్లాండులో ఉండగానే మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు ఏటా 250 పౌండ్ల భృతి ప్రకటించింది. 1919 జనవరిలో రామానుజన్ రిజిస్ట్రారుకు కృతజ్ఞత చెబుతూ రాశాడు. తల్లిదండ్రులకు ఏటా 50 పౌండ్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలినది పేద పిల్లల, అనాథల స్కూలు జీతాలు తగ్గించడానికి, వాళ్ళకు పుస్తకాలు కొనడానికి వాడమని కోరాడు. ఒకప్పుడు స్కాలర్‌షిప్పు పోయి ఇల్లు విడిచి విశాఖపట్నం పారిపోయి వచ్చిన కుర్రవాడు, తనకంటూ నాలుగు రాళ్ళు రాగానే తలచుకున్నది ఫీజు కట్టలేని పిల్లవాణ్ణి. ఆయన గొప్పతనపు పట్టికలో రాయల్ సొసైటీ పక్కన ఈ పంక్తికీ చోటుండాలని నేననుకుంటాను.